తాగుడు అలవాటు లేదు, కల్లు తప్ప: మత్తునిచ్చే టాబ్లెట్ల మీద కల్లు పడిన ఒక కేసు

దసరా మరుసటి రోజు ఉదయం ఏడున్నర ప్రాంతంలో 58 ఏళ్ల మహిళను ఆటోలో క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. నిజామాబాద్ వైపు పల్లె. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి బతికిన మనిషి. పదేళ్లుగా షుగర్ ఉంది, రెండేళ్లుగా అరికాళ్ల మంటలు, మెడ నొప్పి, నిద్ర పట్టకపోవడం. లేపితే లేవడం లేదని కొడుకు, కోడలు కంగారుగా చెప్పారు. (గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను.)

గట్టిగా పిలిస్తే పలకడం లేదు. ఛాతీ ఎముక మీద నొక్కితే కళ్లు సగం తెరిచి, మూలిగి, చేత్తో నెట్టేస్తోంది. కోమా స్కేలు మీద 15కి 9. నిమిషానికి ఎనిమిది సార్లే ఊపిరి తీస్తోంది, అదీ గురకతో, మధ్యలో ఆగి ఆగి. ఆక్సిజన్ శాతం 78. బీపీ 90/60, నాడి 104. పెదవులు నీలంగా ఉన్నాయి. నోటి పక్కన ఎండిన మజ్జిగ చారలు కనిపించాయి.

వేలి నుంచి తీసిన షుగర్ 62 వచ్చింది. షుగర్ మనిషి, మాటాపలుకూ లేదు, షుగర్ తక్కువ ఉంది, కాబట్టి కారణం దొరికిందని ఆగిపోవడానికి ఎక్కువ అవకాశం ఉన్న చోటు ఇదే. థయమిన్ ఇచ్చి, 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు ఎక్కించాం. పది నిమిషాల్లో షుగర్ 170 దాటింది. ఆమెలో మాత్రం మార్పు లేదు. షుగర్ ఒక్కటే కారణమైతే ఇంత స్వల్పంగా తగ్గినప్పుడు నిమిషాల్లో కళ్లు తెరవాలి. పైగా షుగర్ తగ్గితే ఊపిరి ఇలా నెమ్మదించదు. కంటిపాపలు 3 మిల్లీమీటర్లున్నాయి, వెలుతురుకు స్పందిస్తున్నాయి. సూదిమొనలా కుంచించుకుపోలేదు గనక నల్లమందు జాతి మందుల మీద అనుమానం తగ్గింది. కాళ్లూ చేతులూ రెండు వైపులా సమానంగా కదుపుతోంది. తర్వాత తీసిన సీటీలో కూడా మెదడులో రక్తస్రావం, కొత్త దెబ్బ ఏమీ కనిపించలేదు.

ధమని రక్తం పరీక్షలో పీహెచ్ 7.22, కార్బన్ డయాక్సైడ్ 68, బైకార్బనేట్ 27. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లడం తగ్గి, బయటికి పోవాల్సిన వాయువు లోపలే పేరుకుపోయిందని దీని అర్థం. శ్వాసను నడిపే మెదడు భాగాన్ని ఏదో అణిచేస్తోంది.

అడిగిన ప్రశ్న, అందిన జవాబు

ఆమె షీటు మీద, అంతకు ముందు రెండు చోట్ల రాసిన ఓపీ చీటీల మీద కూడా ఒకే మాట ఉంది: మద్యం అలవాటు లేదు. కొడుకును నేను మళ్లీ అడిగాను.

"తాగుడా? అసొంటి అలవాటేం లేదు సారు మా అమ్మకు. పొద్దుమూకి జర కల్లు తాగుతది, గంతే."

తెలంగాణ పల్లెలో ఇది అబద్ధం కాదు, దాపరికం అంతకన్నా కాదు. బ్రాందీ, విస్కీ, గుడుంబా తాగితే తాగుడు. కల్లు అలా లెక్కకు రాదు. పండగకు పోస్తారు, చావుకు పోస్తారు, పెళ్లి మాటల్లో పోస్తారు, పొలం పని అయ్యాక ఒళ్లు నొప్పులకని తాగుతారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు మొగమాటం లేకుండా తాగుతారు. డాక్టరు "మద్యం తాగుతారా?" అని అడిగితే, అది కల్లు గురించి అని వాళ్లకు తోచదు. అందులోనూ ఎదురుగా కూర్చున్నది వయసు మళ్లిన ఆడమనిషి అయితే, మనలో చాలామంది ఆ ప్రశ్నే వేయం. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. ఆమె టాబ్లెట్లు వేర్వేరు చేతులు రాసినవి. రాసినప్పుడు ఎవరి దగ్గరా ఆమె సాయంత్రాల లెక్క లేదు.

రోజూ ఎంత తాగుతుందని అడిగాను. ఒక సీసా. నిన్న పండగ, కూతురూ అల్లుడూ వచ్చారు, మూడు సీసాలు తాగింది. సాయంత్రం ఐదింటి నుంచి ఎనిమిది దాకా. అన్నం తక్కువే తిన్నది. తొమ్మిదింటికి రాత్రి వేసుకునే గోలీలు వేసుకుంది.

"కల్లు తాగి గంట దాటినంకనే ఏసుకున్నది సారు," అని కోడలు వెంటనే అన్నది. కల్లుకూ గోలీకీ మధ్య గ్యాప్ ఉంది కాబట్టి అవి రెండూ కలవలేదని ఆమె ఉద్దేశం.

టాబ్లెట్ల కవరు

ఇంటికి మనిషిని పంపి, ఉన్న గోలీలన్నీ కవరుతో సహా తెప్పించాం. మత్తు కేసుల్లో ఆ కవరు చాలా పరీక్షల కన్నా ఎక్కువ చెబుతుంది. అందులో షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. అరికాళ్ల మంటలకు ప్రీగాబలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10 కలిసిన టాబ్లెట్, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నిద్రకు క్లోనజిపామ్ 0.5. మెడ నొప్పికి డైక్లోఫెనాక్, ఇది ఎవరూ రాయలేదు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది. నాలుగు రోజుల క్రితం కొన్న దగ్గు సిరప్ కూడా ఉంది, సగం ఖాళీ అయింది. అందులో క్లోర్‌ఫెనిరమిన్, డెక్స్‌ట్రోమెథార్ఫాన్. బీడీ పొగాకు దుమ్ములో ఏళ్ల తరబడి కూర్చున్న వాళ్లకు దగ్గు కొత్త కాదు.

క్లోనజిపామ్ చీటీ రెండేళ్ల నాటిది. దాని మీద నెల రోజులకే రాసి ఉంది. ఆ నెల రెండేళ్లుగా సాగుతోంది. క్లోనజిపామ్ చీటీ మీదే అమ్మాల్సిన మందు. ఆల్ప్రజోలం, డయాజిపామ్, జోల్పిడెమ్, ట్రమడాల్ లాంటివి మన దేశంలో 2014 మార్చి నుంచి ఇంకా కఠినమైన హెచ్1 షెడ్యూలు కింద ఉన్నాయి. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినప్పుడు డాక్టరు పేరూ పేషెంటు పేరూ వేరే రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక కూడా ఉంటుంది. పాత స్ట్రిప్ ముక్క చూపించి కొత్తది కొనుక్కునే అలవాటు ముందు ఇవేవీ నిలబడటం లేదు.

స్ట్రిప్పుల్లో ఖాళీలు లెక్కపెట్టాం. ఆత్మహత్యా ప్రయత్నమా అన్నది ముందు తేల్చుకోవాలి కదా. ఏ టాబ్లెట్టూ గుప్పెడు పోలేదు. ఆ రాత్రి ఇంట్లో చుట్టాల సందడికి నిద్ర పట్టక క్లోనజిపామ్ ఒకటి అదనంగా వేసుకుంది, అంతే. ఈసీజీలో క్యూఆర్ఎస్ (గుండె కొట్టుకున్నప్పుడు పడే గీత) వెడల్పు మామూలుగానే ఉంది కాబట్టి నార్ట్రిప్టిలిన్ కూడా మోతాదు మించలేదు. తెల్లవారి తీసిన రక్తంలో ఆల్కహాల్ డెసీలీటరుకు 70 మిల్లీగ్రాములు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 30. ఆఖరి సీసా తాగి దాదాపు పన్నెండు గంటలైనా ఆమె ఒంట్లో దానికి రెట్టింపుకు పైగా ఉంది. అయితే 70 అన్న అంకె ఒక్కటే ఎవరినీ ఇంత గాఢమైన మత్తులోకి దింపదు.

విడివిడిగా చూస్తే దేన్నీ ఓవర్‌డోస్ అనలేం. అన్నీ ఒకే రాత్రి ఒకే శరీరంలో ఉన్నాయి.

లోపల ఏం జరిగింది

మెదడు పనిని నెమ్మదింపజేసే ఒక సహజ రసాయనం ఉంటుంది, పేరు గాబా. అది కణం మీదున్న గాబా-ఏ అనే గ్రాహకాన్ని తాకితే క్లోరైడ్ లోపలికి వెళ్లి, ఆ కణం చల్లబడుతుంది. క్లోనజిపామ్ జాతి మందులు ఆ ద్వారం మరిన్ని సార్లు తెరుచుకునేలా చేస్తాయి. కానీ గాబా లేకుండా అవి తమంతట తాము దాన్ని తెరవలేవు. అందుకే ఈ జాతి టాబ్లెట్లు ఒంటరిగా, కాస్త ఎక్కువైనా, చాలావరకు ప్రాణం తీయవు. వాటి ప్రభావానికి ఒక పైకప్పు ఉంటుంది. ఆల్కహాల్ వచ్చి ఆ పైకప్పును లేపేస్తుంది. అది అదే గ్రాహకం మీద వేరే చోట పనిచేస్తుంది, పైగా మెదడును మెలకువగా ఉంచే గ్లుటమేట్ మార్గాన్ని కూడా అణుస్తుంది. ప్రీగాబలిన్ ఇంకో దారి, నరాల చివరల్లో కాల్షియం లోపలికి వెళ్లకుండా తగ్గిస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్, నార్ట్రిప్టిలిన్ హిస్టమిన్‌ను అడ్డుకుని మగత తెస్తాయి. ఇన్ని దారుల్లోంచి ఒకేసారి అణిచివేత వస్తే, కార్బన్ డయాక్సైడ్ పెరిగింది ఊపిరి తీసుకో అని మెదడు ఇచ్చే సంకేతం బలహీనపడుతుంది. గొంతు కండరాలు వదులై నాలుక వెనక్కి పడుతుంది. అప్పుడు వచ్చే శబ్దాన్నే ఇంట్లో వాళ్లు గురక అనుకుంటారు.

మరి రెండేళ్లుగా రోజూ ఒక సీసా, ఒక గోలీ నడుస్తున్నాయి కదా, ఆ రాత్రే ఎందుకు?

కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలో 1.9 వచ్చింది. 48 కిలోల మనిషికి, ఆ వయసులో, కిడ్నీల వడపోత నిమిషానికి 25 మిల్లీలీటర్ల దగ్గరికి పడిపోయిందని లెక్క. అంతకు ముందు పరీక్ష ఏడాది దాటిన నాటిది, అప్పుడు బాగానే ఉంది. మధ్యలో డైక్లోఫెనాక్ వాడకం, నీళ్లు సరిగ్గా తాగకపోవడం, షుగర్ కలిసి కిడ్నీని దెబ్బతీశాయి. ప్రీగాబలిన్ లివర్‌లో కరిగే మందు కాదు, దాదాపు మొత్తం మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీ మంచిగా ఉంటే ఆరు గంటల్లో సగం దిగిపోయేది, ఇలాంటి కిడ్నీలో రోజుల తరబడి పేరుకుంటుంది. రోజుకు 150 మిల్లీగ్రాములంటే ఆమె కిడ్నీకి ఆఖరి హద్దు. ప్రీగాబలిన్ వల్ల, దాని జాతికే చెందిన గాబాపెంటిన్ వల్ల ఊపిరి ప్రమాదకరంగా నెమ్మదించవచ్చని, ముఖ్యంగా వయసు మళ్లిన వాళ్లలో, ఊపిరితిత్తుల జబ్బున్న వాళ్లలో, ఇతర మత్తు మందులు వాడే వాళ్లలో, అని అమెరికా ఎఫ్‌డీఏ 2019 డిసెంబరులోనే హెచ్చరించింది. మన దగ్గర ప్రీగాబలిన్‌ను ఇప్పటికీ నరాల బలం గోలీ అనే పేరుతో ఇస్తున్నారు. గ్లిమెపిరైడ్ కూడా అదే కిడ్నీ వల్ల ఒంట్లో ఎక్కువసేపు నిలిచింది. అన్నం సరిగ్గా తినలేదు, ఆల్కహాల్ లివర్‌ను కొత్త గ్లూకోజ్ తయారు చేయనివ్వలేదు. 62కు పడింది అందుకే. షుగర్ మళ్లీ పడకుండా ఒకటిన్నర రోజు డెక్స్‌ట్రోజ్ డ్రిప్పు నడపాల్సి వచ్చింది.

దగ్గు సిరప్ కొత్తగా చేరింది. అదనపు క్లోనజిపామ్ చేరింది. ఒక సీసాకు బదులు మూడు సీసాలయ్యాయి. అయినా ఒక లెక్క కుదరలేదు. ఆ జవాబు మూడో రోజు రాత్రి దొరికింది.

చికిత్స, తర్వాత వణుకు

శ్వాసనాళంలో ట్యూబు వేసి వెంటిలేటర్ మీద పెట్టాం. మాస్కుతో గాలి ఇచ్చే బైపాప్ చాలదా అని నర్సింగ్ స్టాఫ్ అడిగారు. మత్తులో ఉన్న మనిషికి, కడుపులో ఆహారం ఉండి వాంతి ప్రమాదం ఉన్నప్పుడు, గట్టిగా బిగించిన మాస్కు ఆ వాంతిని ఊపిరితిత్తుల్లోకి నెడుతుంది. ఆమె విషయంలో ఆ పని కొంత అప్పటికే జరిగిపోయింది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నీడ ఉంది. ఉదయం లేవకపోయేసరికి మత్తు దిగుతుందని మజ్జిగలో నిమ్మకాయ పిండి స్పూనుతో నోట్లో పోశారు. ప్రేమతో చేసిన పనే. మింగే స్పృహ లేని మనిషి నోట్లో పోసినది కడుపులోకి కాక గాలి గొట్టంలోకి వెళుతుంది. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టాం. అనుమానాస్పద విషప్రభావం కాబట్టి ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) చేసి పోలీసులకు తెలియజేశాం.

ఫ్లుమజెనిల్ ఇవ్వలేదు. క్లోనజిపామ్ జాతికి విరుగుడుగా పుస్తకాల్లో ఉన్న ఇంజెక్షనే అది. రెండేళ్లుగా రోజూ ఆ జాతి మందు అలవాటైన శరీరంలో దాన్ని ఒక్కసారిగా తొలగిస్తే ఫిట్స్ వస్తాయి, నార్ట్రిప్టిలిన్ లాంటిది కూడా ఒంట్లో ఉంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. కొత్తగా ప్రాక్టీసులోకి వచ్చిన వాళ్లకు ఇది గట్టిగా చెప్పాలనిపిస్తుంది: ఊపిరిని మనం నడుపుతూ ఉంటే మత్తు తనంతట తనే దిగుతుంది. తొందరపడి విరుగుడు ఇస్తే ఒక ప్రమాదం రెండవుతుంది.

రెండో రోజు సాయంత్రానికి మెలకువ వచ్చింది, ట్యూబు తీశాం. కొడుకును గుర్తుపట్టింది, మనవరాలిని అడిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మూడో రోజు రాత్రి చేతులు వణకడం మొదలైంది. చెమటలు, నాడి 130, బీపీ 170. గోడ మీద చీమలు పాకుతున్నాయని దులుపుతోంది. అర్ధరాత్రి దాటాక ఒకసారి ఫిట్స్ వచ్చింది.

రోజుకు ఒక సీసా కల్లు, అర మిల్లీగ్రాము క్లోనజిపామ్ ఆపినందుకు ఇంత తీవ్రంగా రావడం నాకు నప్పలేదు. క్లోనజిపామ్ ఒంట్లో సగం దిగడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది, దాని లోటు సాధారణంగా ఇంకా ఆలస్యంగా, నెమ్మదిగా తెలుస్తుంది. మొదటి రోజు తీసి ఉంచిన మూత్రం మామూలు స్ట్రిప్ పరీక్షలో బెంజోడయాజిపైన్లకు, అంటే క్లోనజిపామ్ జాతి మందులకు, బలంగా పాజిటివ్ వచ్చింది. ఆ స్ట్రిప్పులు క్లోనజిపామ్‌ను సరిగ్గా పట్టలేవు, తరచుగా నెగటివ్ చూపిస్తాయి. అంత బలంగా రావడంతో అదే జాతికి చెందిన ఇంకో మందు ఉందేమోనని అనుమానించి, నమూనాను హైదరాబాద్ ల్యాబుకు పంపాం. క్లోనజిపామ్ ఆనవాళ్లతో పాటు ఆల్ప్రజోలం ఆనవాళ్లు కనిపించాయి. కవరులో ఆల్ప్రజోలం లేదు. ఆమెకు ఎవరూ రాయలేదు.

అది కల్లులో వచ్చింది.

మందు కల్లు

ఊళ్లో దీన్ని మందు కల్లు అంటారు. చెట్టు కల్లు వేరు. ఈత చెట్టు, తాటి చెట్టు నుంచి తెల్లవారి దించిన కల్లులో ఆల్కహాల్ నాలుగైదు శాతం ఉంటుంది, రోజు గడిచేకొద్దీ పులిసి ఇంకా పెరుగుతుంది. చెట్లు తగ్గాయి, ఎక్కే గీత కార్మికులు తగ్గారు, తాగేవాళ్లు మాత్రం తగ్గలేదు. దాంతో కొన్ని చోట్ల నీళ్లలో చక్కెర, సాక్రిన్ కలిపి, మత్తు కోసం ఆల్ప్రజోలం, డయాజిపామ్ (ఊళ్లో డైజోఫాం అంటారు), క్లోరల్ హైడ్రేట్ కలపడం ఏళ్లుగా సాగుతోంది. ఈ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికి కూడా సరిగ్గా తెలియదు. నిజాయితీగా చెట్టు ఎక్కి బతికే గీత కార్మికుడి పొట్ట కొట్టేది కూడా ఈ వ్యాపారమే, ఆ మాట చెప్పకుండా కల్లును మాత్రమే తిట్టడం న్యాయం కాదు.

2015లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతో, పిచ్చి చూపులతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వరస కట్టారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి కేసులే పోటెత్తాయి. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అప్పటికీ ఇప్పటికీ మాట్లాడేది కల్లు దుకాణం గురించే. అదే మనిషి మంచం పక్కన డాక్టరు రాసిన నిద్ర గోలీ కూడా ఉంటుందని, రెండూ ఒకే జాతివని ఎవరూ కలిపి చూడటం లేదు.

ఈమె ఒంటికి రోజూ రెండు చోట్ల నుంచి ఒకే జాతి మత్తు అందుతోంది. ఒకటి చీటీ మీద అర మిల్లీగ్రాము అని రాసి ఉన్నది, రెండోది కొలత లేనిది. ఆల్ప్రజోలం సుమారు 11 గంటల్లో సగం దిగిపోతుంది. అందుకే సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు గుంజడం, చేతులు వణకడం. "కల్లు తాగకుంటే నిద్ర రాదు, చేతులు వణుకుతయి సారు, బీడీ చుట్టరాదు," అని తర్వాత ఆమే చెప్పింది. నిద్ర పట్టడం లేదని రెండేళ్ల క్రితం డాక్టరు దగ్గరికి వెళ్లింది ఈ లోటు వల్లే అయి ఉండొచ్చన్నది నా అభిప్రాయం. దానికి ఆమెకు దొరికింది ఇంకో బెంజోడయాజిపైన్.

కిడ్నీ, ఊపిరితిత్తి దెబ్బతిని ఉన్నాయి కాబట్టి ఫిట్స్ తర్వాత లోరజిపామ్‌ను ఎంచుకున్నాం. అది లివర్‌లో తేలిక దారిలో దిగుతుంది, శరీరంలో పేరుకోదు. ఆక్సిజన్, ఊపిరి లెక్క చూస్తూ కొద్దికొద్దిగా ఇచ్చాం. ఊపిరి ఆపబోయిన మందునే మళ్లీ ఇస్తున్నారా అని కొడుకు భయపడ్డాడు. అతని భయం అర్థమైనదే. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్‌తో పోతుంది, తాగినట్టు ఇస్తే ఊపిరి ఆగిపోతుంది, రెంటికీ మధ్య కొలిచి ఇచ్చి నెలల మీద దించాలి అని కూర్చోబెట్టి చెప్పాం.

గ్యాప్ లెక్క ఎందుకు తప్పుతుంది

కోడలు చెప్పిన గంట గ్యాప్ మాట నేను ఓపీలో రోజూ వింటాను. సాయంత్రం తాగి రాత్రి వేసుకుంటున్నాం, లేదా తాగిన రోజు గోలీ మానేస్తున్నాం అంటారు. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం కల్లు ఉంటే అందులో ఆల్కహాల్ సుమారు 25 గ్రాములు. లివర్ గంటకు కరిగించేది ఏడెనిమిది గ్రాములు, మనిషిని బట్టి కాస్త అటూ ఇటూ. ఒక సీసా దిగడానికి మూడు గంటలకు పైనే పడుతుంది, మూడు సీసాలకు పది గంటలు, ఆమెలా బరువు తక్కువున్న వాళ్లకు ఇంకా ఎక్కువ. విస్కీ తాగేవాళ్లకూ ఇదే లెక్క. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో, 42.8 శాతం అని లేబుల్ మీద ఉంటే, అరవై గ్రాములు ఉన్నాయి. ఎనిమిది గంటల పని. టాబ్లెట్ వైపు చూస్తే గ్యాప్ ఇంకా అర్థం లేనిది. క్లోనజిపామ్ రోజూ వేసుకునే మనిషి ఒంట్లో అది లేని గంటే ఉండదు. సాయంత్రం తాగే ముందు నిన్నటి గోలీ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఒక్క రోజు మానేసి తాగితే కూడా అంతే.

అలవాటైపోయింది, ఏం కాదు అనే ధైర్యం కూడా ఈ లెక్కలో నిలవదు. రోజూ తాగే మనిషికి మత్తు పెద్దగా తెలియకపోవచ్చు. ఊపిరికి అదే స్థాయిలో రక్షణ వచ్చిందని దాని అర్థం కాదు. కిడ్నీ కాస్త దెబ్బతిన్నా, జ్వరం వచ్చినా, జలుబుకు ఒక గోలీ చేరినా నిన్నటిదాకా సరిపోయిన కొలత ఇవాళ ఎక్కువవుతుంది.

ఇంట్లో వాళ్లకు నేను చెప్పేది

"పండుగ గద, అలసిపోయి మంచిగ పడుకున్నదనుకున్నం. గురక పెడ్తుంటే ఎందుకు లేపాలె అనుకున్నం," అన్నాడు కొడుకు. రాత్రి రెండింటికి కూతురు లేచి చూసిందట, గురక వినిపించి ధైర్యంగా పడుకుంది. ఆ పిల్ల మనసులో ఇది ఎంత బరువుగా ఉందో నేను చూశాను. ఆమె తప్పేమీ లేదు, ఆ గురక ఎలాంటిదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మద్యమో కల్లో తాగి, దాని మీద నిద్రకు, నొప్పికి, నరాలకు, ఫిట్స్‌కు, మానసిక సమస్యకు గోలీ వేసుకున్న మనిషి మామూలుకన్నా గట్టిగా, ఆగి ఆగి గురక పెడుతుంటే లేపి చూడండి. పేరు పెట్టి పిలిచి, భుజం తట్టి, పలకకపోతే గట్టిగా గిల్లి చూడండి. కళ్లు తెరిచి రెండు మాటలు సరిగ్గా మాట్లాడితే సరే, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మళ్లీ మళ్లీ చూస్తూ ఉండండి. మాట్లాడకపోయినా, ఊపిరి నిమిషానికి పదికన్నా తక్కువ ఉన్నా, పెదవులు, గోళ్లు నీలం తిరిగినా తెల్లవారే దాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒక పక్కకు తిప్పే ఉంచండి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, ఉప్పునీళ్లు, ఏదీ నోట్లో పోయవద్దు. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. గోలీల కవరు, తాగిన సీసా తీసుకురండి. తాగిన సంగతి డాక్టరు దగ్గర దాచవద్దు.

ఇంకో మాట, ఇది చదివి ఇవాళ్టి నుంచే గోలీ మానేద్దామని ఎవరూ అనుకోవద్దు. నిద్ర గోలీ గానీ, రోజువారీ కల్లు గానీ నెలల తరబడి అలవాటైతే ఒక్కసారిగా ఆపడం వల్ల ఏమవుతుందో ఈ కేసులో మూడో రోజు రాత్రి చెబుతుంది. డాక్టరుకు రెండు సంగతులూ కలిపి చెప్పి, ఆయన దించినట్టు దించాలి.

మా ఓపీ చీటీలో ప్రశ్న మార్చాం. "మద్యం అలవాటు ఉందా?" అన్న గడి తీసేసి, కల్లు తాగుతారా, రోజుకు ఎన్ని సీసాలు, పండగకు ఎన్ని, తాగని రోజు చేతులు వణుకుతాయా అని అడుగుతున్నాం. ఆడవాళ్లనూ ముసలివాళ్లనూ అదే గొంతుతో అడుగుతున్నాం. అడిగే తీరులో తప్పు పట్టే ధ్వని లేకపోతే జనం ఉన్నదున్నట్టు చెబుతారు. సీసా లెక్క వచ్చాక ప్రీగాబలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్, అమిట్రిప్టిలిన్, క్లోనజిపామ్, జోల్పిడెమ్, ఏది రాయబోయినా ముందు క్రియాటినిన్ చూస్తున్నాం. చీటీ మీద "కల్లుతో వద్దు" అని తెలుగులో రాస్తున్నాం. "మద్యంతో వద్దు" అని రాస్తే అది కల్లుకు వర్తించదనే అనుకుంటారు.

ఆమె రెండో వారంలో ఇంటికి వెళ్లింది. ప్రీగాబలిన్, డైక్లోఫెనాక్, గ్లిమెపిరైడ్, దగ్గు సిరప్ ఆపేశాం. కిడ్నీ లెక్క చూసి మెట్‌ఫార్మిన్ కూడా ఆపి, షుగర్‌కు తక్కువ మోతాదు ఇన్సులిన్ పెట్టాం. కాళ్ల మంటలకు రాత్రి నార్ట్రిప్టిలిన్ 10 ఒక్కటే, పైన రాసుకునే క్యాప్సైసిన్. సైకియాట్రిస్టుతో కలిసి క్లోనజిపామ్‌ను రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెంగా దించుతున్నాం. స్ట్రిప్ కోడలి దగ్గర ఉంటుంది, ఏ రోజుది ఆ రోజు ఇస్తుంది. క్రియాటినిన్ 1.3కు దిగింది. వణుకు లేదు. నిద్ర ముక్కలు ముక్కలుగా పడుతోందని చెబుతోంది, దించే నెలల్లో అది ఉంటుందని ముందే చెప్పాం.

మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు, "మందు కల్లు ముట్టను సారు. చెట్టు కల్లయితే పండుగకు ఒక్క సీసా తాగొచ్చునా?" అని అడిగింది. గోలీ పూర్తిగా ఆగేదాకా చెట్టు కల్లు కూడా వద్దని చెప్పాను. అందులో గోలీ కలపకపోయినా ఆల్కహాల్ ఉంటుంది, ఆమె ఒంట్లో క్లోనజిపామ్ ఇంకా ఉంది, కుడి ఊపిరితిత్తి ఇంకా పూర్తిగా తేరుకోలేదు. ఆగాక ఏం చేయాలన్నది అప్పటి కిడ్నీ, షుగర్ చూసి మాట్లాడుకుందామన్నాను. సరేనంది. తర్వాతి క్రియాటినిన్, ఎక్స్‌రే వచ్చే నెల.